ఒకే సెక్షన్, వేర్వేరు తీర్పులు: రాజద్రోహం కేసుల్లో బాల గంగాధర తిలక్

1908 జులై 22, రాత్రి బాగా పొద్దుపోయింది. బొంబాయి హైకోర్టు బాల గంగాధర తిలక్‌కు ఆరేళ్ల ద్వీపాంతరవాస శిక్ష విధించింది. తెల్లవారితే ఆయనకు 52 ఏళ్లు నిండుతాయి.

రత్నగిరిలో పుట్టి న్యాయశాస్త్రం చదివిన తిలక్‌కు చట్టం కొత్తేమీ కాదు. భారత శిక్షాస్మృతిలో 1870లో చేర్చిన 124ఎ సెక్షన్ రాజద్రోహాన్ని నేరంగా నిర్వచించింది. ఆ నేరానికి జరిమానాతో సరిపెట్టవచ్చు, మూడేళ్ల వరకు జైలు విధించవచ్చు, జీవితాంతం ద్వీపాంతరం పంపనూవచ్చు. ఇంత విశాలమైన పరిధిలో శిక్ష ఎంతన్నది న్యాయమూర్తి విచక్షణకే వదిలేశారు.

'కేసరి' రచనలపై 1897లో తొలిసారి ఈ సెక్షన్ కింద తిలక్‌ను విచారించారు. జ్యూరీలోని ఆరుగురు యూరోపియన్లు ఆయనను దోషి అన్నారు, ముగ్గురు భారతీయులు కాదన్నారు. జస్టిస్ స్ట్రేచీ 18 నెలల కఠిన కారాగార శిక్ష విధించారు. మాక్స్ ముల్లర్ వంటి పండితుల విజ్ఞప్తుల నడుమ తిలక్ ఏడాదికే విడుదలయ్యారు.

ముజఫర్‌పూర్ బాంబు దాడి నేపథ్యంలో ప్రచురించిన వ్యాసాలు 1908 కేసుకు కారణం. బాంబును సమర్థించలేదని, ప్రభుత్వ అణచివేతనే విమర్శించానని తిలక్ రోజుల తరబడి స్వయంగా వాదించుకున్నారు. జ్యూరీ ఏడుగురు, ఇద్దరుగా చీలింది. తీర్పు చెప్పిన జస్టిస్ దావర్, 1897లో బెయిలు కోసం తిలక్ తరఫున వాదించిన న్యాయవాదే కావడం విచిత్రం. రెండు 124ఎ అభియోగాలకు మూడేసి ఏళ్లు విధించి, ఒకటి ముగిశాకే రెండోది మొదలవ్వాలన్నారు. రెండూ ఏకకాలంలో అమలు కావాలని ఉంటే శిక్ష మూడేళ్లతోనే ముగిసేది. నిందితుడి వయసును గమనించానంటూనే, కొంతకాలం ఆయన దేశానికి దూరంగా ఉండడమే శాంతికి మేలని న్యాయమూర్తి భావించారు. బొంబాయి మిల్లు కార్మికులు ఏడాదికి ఒక రోజు చొప్పున ఆరు రోజులు సమ్మె చేశారు.

ద్వీపాంతరవాసం తరువాత సాధారణ కారాగారవాసంగా మారింది. తిలక్ మాండలే జైలులో 'గీతా రహస్యం' రచించారు. భార్య సత్యభామాబాయి 1912లో మరణించినప్పుడు ఆయన అక్కడే ఉన్నారు. 1914 జూన్‌లో విడుదలయ్యారు.

రెండేళ్లకే స్వరాజ్య ప్రసంగాలు రాజద్రోహమంటూ పుణె మేజిస్ట్రేట్ ఆయనను 20,000 రూపాయల పూచీకత్తు అడిగారు. ఈసారి జిన్నా వాదించారు. ప్రసంగాలను ముక్కలుగా కాక మొత్తంగా చదవాలన్న హైకోర్టు ఆ ఉత్తర్వును 1916 నవంబరులో కొట్టివేసింది.