లెక్కకు అందని విద్వాంసుడు: డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో ప్రతివారూ తమ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని చెవి ఒగ్గి వింటారు. తరతరాల క్రిందట పొరుగు సీమలకు వచ్చి స్థిరపడిన మన కుటుంబాలలో కూడ ఈ ఆచారం చెక్కుచెదరలేదు. శాస్త్రజ్ఞుల లోకంలోను ఇటువంటి లెక్క ఒకటి కలదు. ఒక పరిశోధకుడు ఎన్ని వ్యాసాలు ప్రకటించినాడు, వాటిని తరువాతివారు తమ వ్యాసాలలో ఎన్నిసార్లు ఆధారంగా చూపినారు అన్నదే ఆ లెక్క. దీనిని సైటేషన్ల లెక్క అంటారు. కొలువులు, పదోన్నతులు, బహుమానాలు నేడు చాలవరకు దీనినిబట్టే నడుస్తున్నవి. ఈ లెక్కలో రాజపూజ్యం స్వల్పమైనా, లోకానికి అపారమైన ఆదాయం చేకూర్చిన ఒక తెలుగు బిడ్డ చరిత్రను ఈ సంచికలో మనవి చేయ తలచినాము.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించినారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానంలో ఈయన నాల్గవవారు. తండ్రి అనారోగ్యంతో ముందుగానే ఉద్యోగం విరమించుకొనడం వలన ఇల్లు గడవడమే కష్టమైన రోజులవి. పిల్లవాడికి చదువుమీద మొదట అంత శ్రద్ధ ఉండేది కాదు. కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకొని ధనం గడిద్దామని ఇల్లు విడిచి బయలుదేరితే, తల్లి వెనుకకు రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టినదని చెబుతారు. మెట్రిక్యులేషను పరీక్ష రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలునుండి గట్టెక్కినారు. లెక్కలు ఆయనకు ఎదురు తిరగడం అక్కడే మొదలైనది.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెటు ముగించి, మద్రాసు వైద్య కళాశాలలో చేరినారు. 1919లో శేషగిరిగారితో వివాహమైనది. చదువుకు మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు అండగా నిలిచినారు. అది స్వదేశోద్యమం సాగుతున్న కాలం. ఖద్దరు ధరించి కళాశాలకు పోవడం శస్త్రచికిత్స ఆచార్యులకు కంటగింపు అయినది. ఫలితంగా పూర్తి ఎం. బి. బి. ఎస్. పట్టానికి బదులు ఎల్. ఎం. ఎస్. అనే తక్కువ పట్టంతో తృప్తి పడవలసి వచ్చినది. ఇది రెండవ లెక్క.

ఇంతలో ఇంట పిడుగు పడినది. సోదరులు ఇద్దరు, పురుషోత్తం, కృష్ణమూర్తి, కొద్ది రోజుల తేడాలో గ్రహణి వ్యాధితో గతించినారు. ఇంగ్లీషు వైద్యంలో దీనిని ట్రాపికల్ స్ప్రూ అంటారు. అదే జబ్బు సుబ్బారావుగారికీ సోకగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్స వలన కోలుకున్నారు. ఆ తరువాత లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం బోధించినారు. మందులేని జబ్బులకు మందు కనిపెట్టాలనే పట్టుదల ఆ దుఃఖంలోనే నాటుకున్నది.

అమెరికా పోవడానికి ధనం ఎక్కడిది? మామగారి సాయంతోపాటు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆదుకొన్నది. సత్యలింగ నాయకరుగారు గోదావరి తీరంనుండి రంగూనుకు వలసపోయి ఆర్జించిన సొత్తును విద్యాదానానికి వ్రాసి ఇచ్చినవారు. ఒక వలస తెలుగువాని కష్టార్జితం ఇంకొక తెలుగువానిని సముద్రం దాటించినదన్న మాట. యానాము ప్రాంతపు మన సోదరులకు ఈ సంగతి ప్రత్యేకంగా సంతోషం కలిగించగలదు.

1922 అక్టోబరులో సుబ్బారావుగారు బోస్టను చేరినారు. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల చదువు సాగిస్తూ, ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న కొలువు చేసి పొట్ట పోసుకొన్నారు. పిమ్మట జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ గారివద్ద పరిశోధనకు చేరినారు. రక్తంలోను మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో కొలవడానికి మెరుగైన పద్ధతి అప్పుడు కావలసి ఉన్నది. ఇద్దరూ కలిసి దానిని సాధించినారు. నమూనాకు ఆమ్లంలో మాలిబ్డేటు కలిపితే భాస్వరం దానితో కూడుతుంది. దానికి మరొక రసాయనం చేర్చితే నీలిరంగు తేలుతుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. 1925లో వెలువడిన ఆ వ్యాసం ప్రపంచంలోని ప్రయోగశాలలన్నింటికీ పాఠ్యగ్రంథమైనది. ఇరవయ్యవ శతాబ్దంలో అత్యధికంగా ఉల్లేఖింపబడిన శాస్త్ర వ్యాసాలలో అది ఒకటి.

ఆ కొలబద్దయే వారికి మరొక తలుపు తెరచినది. కండరాలనుండి తీసిన రసంలో నీలిరంగు రావలసినంత త్వరగా రాలేదు. ఇతరులైతే నమూనా చెడినదని పారబోసేవారేమో. వీరు ఆ ఆలస్యానికి కారణం వెదకి, సులభంగా విడిపోయే ఫాస్ఫోక్రియేటిన్ అనే పదార్థాన్ని 1927లో లోకానికి చూపినారు. కండరం పనిచేసే విధానం గూర్చి అంతవరకు చలామణి అవుతూ వచ్చిన సిద్ధాంతాన్ని అది తలక్రిందులు చేసినది. 1922 సంవత్సరపు నోబెలు బహుమానం పొందిన పరిశోధనలకు ఆధారమైన సిద్ధాంతమే అది. 1929లో, దేహంలోని ప్రతి జీవకణానికీ శక్తినిచ్చే ఎ. టి. పి. అనే పదార్థాన్ని గూర్చి వీరిద్దరూ ప్రకటించినారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ గారు కూడ విడిగా దానిని కనుగొన్నారు. 1930లో సుబ్బారావుగారికి డాక్టరేటు వచ్చినది. కాని హార్వర్డులో స్థిరమైన ఆచార్య పదవి మాత్రం దక్కలేదు. అక్కడ ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాలు వెలుగు చూడక, తరువాతివారు మళ్ళీ కనుగొనవలసి వచ్చినదని ఆయన సహపరిశోధకుడు జార్జి హిచింగ్సు గారు పిమ్మట చెప్పినారు. ఈ హిచింగ్సు గారే 1988లో నోబెలు బహుమానం పొందినవారు.

1940లో సుబ్బారావుగారు హార్వర్డు విడిచి న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో ప్రవేశించి, అనతికాలంలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయినారు. ఇక ఆయన పని స్వయంగా గాజుగొట్టాలు పట్టడం మాత్రమే కాదు. పదుల మంది శాస్త్రజ్ఞులను ఒక త్రాటిపై నడపడం.

మొదటి ఫలం ఫోలిక్ ఆమ్లం. గర్భిణీ స్త్రీల రక్తహీనతను నయం చేసే పదార్థమేదో ఈస్టులో ఉన్నదని లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో పనిచేసి 1931లో ప్రకటించినారు. దానిని కృత్రిమంగా తయారుచేయడంలో సుబ్బారావుగారి బృందం 1945లో కృతార్థమైనది. సోదరులను బలిగొన్న గ్రహణికి కూడ ఈ మందు పనిచేస్తుందని త్వరలోనే తేలినది. నేడు మన ఇండ్లలో గర్భవతులకు ఇచ్చే ఇనుము బిళ్ళలో ఉన్నది ఇదే.

ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దానికి అడ్డు తగిలే ఎమినోప్టెరిన్ అనే మందును కూడ ఈ బృందమే తయారుచేసినది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ గారు రక్తపు క్యాన్సరుతో ఉన్న 16 మంది పిల్లలకు దీనిని ఇవ్వగా, 10 మందికి తాత్కాలికంగా గుణం కనిపించినట్లు 1948లో ప్రకటించినారు. ఆ జబ్బు మందుకు లొంగగలదని వైద్యలోకం ఆశ పెట్టుకొన్నది అప్పుడే. దీని తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికీ క్యాన్సరుకు, కీళ్ళవాతానికి వాడుకలో ఉన్నది. కోస్తా జిల్లాలలోను ఒడిశాలోను వేలకొలది జనాన్ని పీడించిన బోదకాలుకు 1947లో వెలువడిన హెట్రజాను, అనగా డైఇథైల్ కార్బమజీను, కూడ ఆ ప్రయోగశాలదే. 1948లో బెంజమిన్ డగ్గర్ గారు ఆరియోమైసిన్ ప్రకటించినది సుబ్బారావుగారి ఆధిపత్యంలోనే. ఆ తరువాత కొద్ది రోజులకే, 1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయస్సున సుబ్బారావుగారు నిద్రలోనే తనువు చాలించినారు.

ఇప్పుడు ఆ లెక్క చూదాము. 1964లో గార్ఫీల్డు గారు సైటేషన్ల సూచికను అచ్చువేయ నారంభించినప్పుడు, ప్రతి వ్యాసం దాని మొదటి రచయిత పేరుక్రిందనే చేరినది. భాస్వరపు వ్యాసం ఫిస్క్ గారి పేరుక్రింద పోయినది. ఫోలిక్ ఆమ్ల నిర్మాణాన్ని వివరించిన 1946 నాటి వ్యాసంలో 16 మంది పేర్లుండగా, సుబ్బారావుగారి పేరు నడుమ ఎక్కడో ఉన్నది. హెట్రజాను వ్యాసంలో ఆయన పేరు చివరిది. ఫార్బర్ గారి వ్యాసపు రచయితలలోను, డగ్గర్ గారి వ్యాసంలోను ఆయన పేరే లేదు. పేరు వేసినచోట కూడ ఇంటిపేరు ఒక్క అక్షరమై, పెట్టిన పేరే ఇంటిపేరుగా చెల్లిపోయినది. పరసీమలలో మన పిల్లల పేర్లకు పట్టే గతి ఎరిగినవారికి ఇది వింత కాదు. పైగా ఒక పద్ధతి అందరికీ కరతలామలకమైన తరువాత, దానిని ఎవరు చెప్పినారో వ్రాయడమే మానివేస్తారు. అమ్మ నేర్పిన వంటకు అమ్మ పేరు ఎవరు చెబుతారు?

అయితే మనవాడనే మమకారంతో మరొక తప్పు చేయరాదని మా మనవి. ఆరియోమైసిన్ కనిపెట్టినది సుబ్బారావుగారేనని, నోబెలు బహుమానాన్ని ఎవరో అపహరించినారని కొందరు వేదికలపై పలుకుతుంటారు. డగ్గర్ గారి పని డగ్గర్ గారిదే, లోమన్ గారి కీర్తి లోమన్ గారిదే. తన పేరు ముందుకు త్రోసుకొనని మనిషికి పరుల పేరు తీసి అంటగట్టడం గౌరవం కాదు. ఉన్నది ఉన్నట్లు చెప్పినా ఆయన ఎత్తు తగ్గదు.

ఏ సూచికలోను చేరని వ్యయం ఇంకొకటి కలదు. దేశం విడిచిన సుబ్బారావుగారు మరల తిరిగి రాలేదు. భారతీయులకు పౌరసత్వం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1923లో తీర్పు చెప్పగా, 1946లో చట్టం మారినది. అయినా ఆయన అమెరికా పౌరుడు కాకుండానే గతించినారు. ఆయన వెళ్ళిన తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే పోయినాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. శేషగిరిగారు భర్తను మరల చూడలేదు. లోకానికి అందిన ప్రతి మందులోను ఆ ఇల్లాలి వంతు ఉన్నదని మేము తలుస్తాము.

1953లో ఒక శిలీంధ్రజాతికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టినారు. 1995లో, శతజయంతి సందర్భంలో, భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ వెలువరించినది. ఆలస్యమైనా అవి తగిన గౌరవాలే.

మన సంఘపు భవనాలు, బడులు, భజన మందిరాలు లేపినవారిలో శిలాఫలకానికి ఎక్కని పెద్దలు ఎందరో ఉన్నారు. వారి పేర్లు ఎరిగిన ముదుసలులు ఇంకా మన నడుమ ఉండగానే అడిగి వ్రాసి పెట్టుకొందాము. పరీక్ష తప్పిన పిల్లవాడిని, తక్కువ మార్కులు తెచ్చిన పిల్లను చూచి ఇంతేనని తీర్మానించకుందాము. నూతన సంవత్సరం మన కుటుంబాలన్నింటికీ ఆయురారోగ్యాలు ప్రసాదించుగాక!