నురగలో పోయే డీజిల్

మాది ఉప్పాడ. చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని, వేటకెళ్లే ఫైబర్ బోట్ల వెనకాల లేచే తెల్లటి నురగనే చూస్తూ ఉండేవాణ్ణి. తుంపర ఎంత ఎత్తు లేస్తే అంత గొప్ప బోటని మా పిల్లకాయల లెక్క. ఇంజనీరింగ్‌కొచ్చి ఫ్లూయిడ్ మెకానిక్స్ చదివాక ఆ లెక్క తప్పని తెలిసింది. తెలిసేలా చేసినాయన విలియం ఫ్రూడ్. మనం ఫ్రాడ్ నంబర్ అని నవ్వుకుంటూ బట్టీ కొట్టామే, ఆయనే!

ఫ్రూడ్ 1810లో ఇంగ్లండులోని డార్టింగ్టన్‌లో పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుని, 1837లో బ్రూనెల్ దగ్గర రైలు మార్గాల పనిలో చేరాడు. జబ్బుపడ్డ తండ్రిని చూసుకోడానికి 1846లో ఆ పని మానేశాడు. మనవాళ్లయితే కెరీర్ పోయిందనేవాళ్లు. ఆయన అసలు పని ఆ తర్వాతే మొదలైంది.

ఓడకి ఎంత ఇంజన్ కావాలో అప్పట్లో కట్టి చూస్తేగానీ తెలిసేది కాదు. చిన్న నమూనాలు ఎందుకూ పనికిరావని పెద్ద పెద్దవాళ్లే కొట్టిపారేశారు. ఫ్రూడ్ వినలేదు. 1867లో డార్ట్ నది మీద 3, 6, 12 అడుగుల నమూనాలు లాగించి చూశాడు. నీళ్లు పడవని రెండు రకాలుగా ఆపుతాయని తేల్చాడు: ఒళ్లంతా రాసుకునే రాపిడి ఒకటి, అలలు లేపడానికి అయ్యే ఖర్చు రెండోది. ఓడ నమూనాకి 16 రెట్లు పొడవుంటే, నమూనా కంటే 4 రెట్లు వేగంతో వెళ్లినప్పుడు రెండింటి వెనకా అలలు ఒకే తీరున లేస్తాయి. మన ఫార్ములాలో ఆ వర్గమూలం ఇక్కణ్ణుంచే వచ్చింది.

నేవీ 2000 పౌండ్లిస్తే, తను జీతం తీసుకోకుండా టార్కీలో ఇంటి దగ్గరే 278 అడుగుల నీటి తొట్టి కట్టించి, మైనంతో చేసిన నమూనాలు నడిపాడు. 1871లో గ్రేహౌండ్ అనే నిజం ఓడనే తాడు కట్టి లాగించి కొలిచాడు. లెక్క కుదిరింది. 1879లో దక్షిణాఫ్రికా తీరాన సైమన్స్‌టౌన్‌లో చనిపోతే, నేవీ లాంఛనాలతో సాగనంపింది. తొట్టి పనిని కొడుకు అందుకున్నాడు.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్తే మా బాబాయి అప్పుచేసి పెద్ద ఇంజన్ బిగించాడు. వలలు, ఐసు, చేపలతో బోటు బరువెక్కాక నురగైతే బ్రహ్మాండంగా లేస్తోంది, డీజిల్ మంచినీళ్లలా తాగుతోంది, ఒడ్డుకి మాత్రం కాస్తే ముందొస్తోంది. ఇంజనీరువి కదా, కారణం చెప్పరా అన్నాడు. ఇసకలో పడవ గీసి, వెనకాల అలలు గీసి, ఆ అలలన్నీ నీ డీజిలే బాబాయ్ అని చెప్పాను. చాలాసేపు బొమ్మకేసే చూస్తూ ఉండిపోయాడు.

ఇప్పుడు లోడుతో వచ్చేటప్పుడు జోరు తగ్గించి నడుపుతున్నాడట. అప్పు మాత్రం ఇంకా తీరలేదు.