మూర్ఛ ఆపలేని కలం

మూర్ఛరోగమంటే పరువు పోయినట్లు దాచిపెట్టుకునే కుటుంబాలను నా ఉద్యోగకాలంలో కొన్నింటిని చూశాను. అటువంటివారి కోసం రష్యన్ రచయిత దోస్తోయెవ్‌స్కీ గురించి నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఆయన 1821లో మాస్కోలో జన్మించారు. 1849లో ప్రభుత్వ వ్యతిరేక నేరంపై మరణశిక్ష పడింది. వధ్యస్థలానికి తీసుకుపోయాక శిక్ష మార్చి సైబీరియాకు పంపారు. ఓమ్స్క్ జైలులో నాలుగేళ్ళు సంకెళ్ళతో గడిపారు. మూర్ఛలు అక్కడ ముదిరాయి.

1866 అక్టోబరులో గడువులోగా నవల ఇవ్వకపోతే రచనలపై హక్కులు ప్రచురణకర్త పాలయ్యే పరిస్థితి. డిక్టేషన్ తీసుకోవడానికి ఆన్నా అనే 20 ఏళ్ళ స్టెనోగ్రాఫర్ వచ్చారు. ఆయన కళ్ళు రెండూ రెండు రకాలుగా ఉండడం చూసి ఆశ్చర్యపోయారు. ఒకటి గోధుమరంగు. రెండవదానిలో కనుపాప బాగా విచ్చుకుని, రంగే కనిపించలేదు. మూర్ఛలో పడి కుడికంటికి గాయమైతే డాక్టరు వేయించిన అట్రోపిన్ చుక్కల ఫలితమది. 26 రోజుల్లో ‘జూదరి’ పూర్తయింది. 1867లో వారి వివాహం జరిగింది.

మూర్ఛలు వచ్చిన తేదీలను ఆయన నోటుబుక్కులో వ్రాసుకునేవారు. ‘ఇడియట్’ నవలలో కథానాయకుడికీ ఇదే జబ్బు పెట్టారు. 1878లో మూడేళ్ళైనా నిండని కొడుకు అల్యోషా మూర్ఛతోనే పోయాడు. ‘కరమజోవ్ సోదరులు’ నాయకుడికి ఆ బిడ్డ పేరే పెట్టుకున్నారు. 1881లో కన్నుమూశారు.

ఆనాడు లేని మందులు నేడున్నాయి. మూర్ఛ వస్తే చేతిలో తాళాలగుత్తి, నోట్లో చెంచా పెట్టకండి. పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టండి. అయిదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఆయనలాగే తేదీలు వ్రాసి పెట్టి డాక్టరుగారికి చూపించండి. దాచవద్దు.