బంతి నేర్పిన బడిపంతులు

భారతదేశపు ఫుట్‌బాల్‌కు 1951 నుండి 1962 వరకు గల కాలాన్ని స్వర్ణయుగమని పేర్కొంటారు. ఆ యుగానికి మూలపురుషుడు హైదరాబాదుకు చెందిన ఒక బడిపంతులు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై ఉపాధ్యాయ వృత్తిని చేపట్టారు. విద్యార్థిదశలో ఆయనా మంచి ఆటగాడే. అయితే ఆయన కీర్తికి కారణం తాను ఆడిన ఆట కాదు, ఇతరులకు నేర్పిన ఆట. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు.

బంతిని కాలికి అంటిపెట్టుకొని ఒంటరిగా దూసుకుపోవడమే నేర్పని ఆనాటి ఆటగాళ్ళు పలువురు భావించేవారు. బంతిని తడవు చేయక సహచరునికి అందించాలనీ, రెండు కాళ్ళకూ సమానమైన పాటవం ఉండాలనీ రహీం బోధించారు. అందుకోసం, వాటంలేని కాలితోనే బంతిని తన్నాలనే నియమంతో పోటీలు నిర్వహించారు. పిల్లల చేత కష్టమైన పాఠాన్ని మళ్ళీ మళ్ళీ వల్లె వేయించే పంతులుకు గాని ఇటువంటి ఉపాయం తోచదు! ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పును గెలుచుకొంది.

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఆయన శిక్షణలోని భారత జట్టు స్వర్ణం సాధించింది. మరుసటి సంవత్సరమే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తుగా ఓడింది. మనవారిలో చాలామంది అక్కడి చలిలో సైతం బూట్లు లేకుండానే ఆడారు. ఆ పరాభవం తరువాతే మన ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్ళకు, 1956లో, మెల్‌బోర్న్‌లో అదే దేశపు జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాల్గవ స్థానం పొందింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం ఆరోగ్యం క్షీణించింది. ఊపిరితిత్తుల వ్యాధి ఆయనను కుంగదీస్తున్నది. తొలి పోటీలోనే భారత్ దక్షిణ కొరియా చేతిలో ఓడింది. తరువాత థాయ్‌లాండ్‌తో ఆడుతుండగా రక్షణశ్రేణికి ఆయువుపట్టయిన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. మరొకరైతే అతనిని పక్కన కూర్చోబెట్టేవారు. రహీం మాత్రం అతనిని గోలు కొట్టే ముందువరుసకు పంపారు. అది సాహసమే. అతడు సెమీఫైనల్లోనూ గోలు చేశాడు, ఫైనల్లోనూ చేశాడు.

ఇజ్రాయెల్, తైవాన్ దేశాలకు ఇండోనేషియా ప్రవేశం నిరాకరించడాన్ని ఒక భారతీయ క్రీడాధికారి విమర్శించినందున జకార్తా ప్రేక్షకులు మన జట్టుపై ఆగ్రహంతో ఉన్నారు. సెప్టెంబరు 4న ఆ కేకల హోరు నడుమనే పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చేసిన గోళ్ళతో భారత్ దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణాన్ని గెలుచుకొంది.

ఆ తరువాత తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, క్యాన్సర్‌తో రహీం కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మరొక స్వర్ణం రాలేదు.