బాబాబాగీ బడిలో ఫురూగ్ కెమెరా

ఫురూగ్ ఫర్రుఖ్‌జాద్ పేరు చెబితే ఫార్సీ కవిత్వం తెలిసినవాళ్లకు కవితలే గుర్తొస్తాయి. కానీ ఆమె ఒక సినిమా కూడా తీసింది. దర్శకురాలిగా ఒక్కటంటే ఒక్కటే, నిడివి ఇరవై నిమిషాల పైచిలుకు. అందులో మనసులో నాటుకుపోయేవి బడి పిల్లల ముఖాలు. మొదట్లోనూ బడే, చివర్లోనూ బడే.

ఫురూగ్ 1934 డిసెంబరు చివర్లో టెహ్రాన్‌లో పుట్టింది. తండ్రి సైన్యంలో కర్నల్, ఇంట్లో ఏడుగురు పిల్లలు. తొమ్మిదో తరగతి దాకా మామూలు బడి, ఆ తర్వాత కుట్టుపని, చిత్రలేఖనం నేర్పే బాలికల పాఠశాల. అంతే, చదువు అక్కడితో ఆగిపోయింది. పదహారేళ్లకే పెళ్లి. వరుడు పర్వేజ్ షాపూర్, దూరపు బంధువే, వయసులో పదేళ్లకు పైగా పెద్ద. కాపురం అహ్వాజ్‌లో. 1952లో కొడుకు కామ్యార్ పుట్టాడు.

ఆ కాపురం నిలవలేదు. విడాకులయ్యాయి. అప్పటి ఇరాన్ చట్టం ప్రకారం బిడ్డ మీద హక్కు తండ్రిదే, దాంతో కామ్యార్ తండ్రి ఇంట్లో ఉండిపోయాడు. తల్లికి వాణ్ని చూడటమే గగనమైపోయింది. 1955లో మొదటి కవితా సంపుటి ‘అసీర్’ వచ్చింది. ఒక ఆడది తన ప్రేమ గురించి, తన కోరిక గురించి దాచకుండా రాయడమేమిటని పత్రికల్లో రచ్చ. అదే ఏడాది ఆమె మానసికంగా కుంగిపోయి ఆస్పత్రి పాలైంది కూడా. తర్వాతి సంపుటాల్లో ఒక కవితను ఏకంగా కొడుకుకే అంకితం చేసింది, ఎప్పటికైనా చదువుతాడని. ఫురూగ్ గురించి ఎవరు మాట్లాడినా ఆమె తెగువ గురించే మాట్లాడతారు. ఆ తెగువకు ఆమె కట్టిన ధర మాత్రం ఈ పిల్లాడే.

1958లో ఇబ్రాహీం గులిస్తాన్ సినిమా స్టూడియోలో చిన్న ఉద్యోగంలో చేరింది. టైపు చేయడం, వచ్చిన ఫోన్లు తీయడం లాంటి పనులు. అక్కడినుంచి ఎడిటింగ్ బల్ల దగ్గరికి చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. సినిమా పని నేర్చుకోవడానికి ఇంగ్లండు కూడా వెళ్లొచ్చింది. అహ్వాజ్ దగ్గర చమురు బావి అంటుకున్న ఘటన మీద గులిస్తాన్ తీసిన ‘యక్ ఆతిష్’కు ఎడిటింగ్ చేసింది ఆమే. దానికి వెనిస్‌లో బహుమతి వచ్చింది.

తర్వాత కుష్ఠు రోగులకు సాయం చేసే ఒక సంఘం తమ పని మీద సినిమా కావాలని స్టూడియోను అడిగింది. ఆ పని ఫురూగ్ చేతికొచ్చింది. 1962 శరదృతువులో ఆమె కెమెరామన్ సులేమాన్ మినాసియాన్‌తో, ఇంకో ఒకరిద్దరితో తబ్రీజ్ దగ్గరున్న బాబాబాగీ కాలనీకి వెళ్లింది. మొత్తం షూటింగ్ 12 రోజులు. నిజామాబాద్ పక్కన డిచ్‌పల్లి ఆస్పత్రి సంగతి విన్నవాళ్లకు ఇలాంటి చోటు ఎలా ఉంటుందో కొంత తెలుసు. ఊరికి దూరంగా ఉంటుంది, లోపలికి వెళ్లినవాళ్ల సంగతి బయటివాళ్లు మర్చిపోతారు.

సినిమా పేరు ‘ఖానే సియాహ్ అస్త్’. ఉర్దూ వచ్చినవాళ్లకు అర్థం విప్పి చెప్పనక్కర్లేదు, ఇల్లు నల్లనిదని. సినిమాలో మొదట్లోనే తరగతి గది కనిపిస్తుంది. పిల్లలు పుస్తకం పట్టుకుని పాఠం చదువుతుంటారు. పనిచేయడానికి చేతులిచ్చినందుకు, చూడటానికి కళ్లిచ్చినందుకు దేవుడికి షుక్రియా చెప్పే పాఠం. చదివే పిల్లల ముఖాల మీద జబ్బు గుర్తులు. అక్కడ ఫురూగ్ ఒక్క మాట కలపదు, ఎవరినీ జాలి పడమనదు. ఈ జబ్బు నయం అవుతుందని, వైద్యం అందకపోవడమే అసలు సమస్య అని మధ్యలో ఒక మగ గొంతు సూటిగా చెబుతుంది. ఆ తర్వాత నమాజు, అన్నం బారు, ఒక పెళ్లి, బంతాట. రోగుల ఊరు కూడా ఊరే కదా.

చివర్లో మళ్లీ బడి. అమ్మానాన్నలను ఇచ్చినందుకు దేవుడికి కృతజ్ఞత ఎందుకు చెప్పాలని మాస్టారు అడుగుతాడు. తనకు ఇద్దరూ లేరని, అందుకే తెలియదని పిల్లాడి జవాబు. అందమైనవి కొన్ని చెప్పమంటే ఇంకొకడు చంద్రుడు, సూర్యుడు, పువ్వు అంటూ ఆటను కూడా కలిపేస్తాడు. వికారమైనవి చెప్పమన్నప్పుడు వచ్చిన జవాబు చేయి, కాలు, తల. తరగతంతా నవ్వుతుంది. చూసేవాళ్లకు మాత్రం నవ్వు రాదు. ఇల్లు అనే మాటతో వాక్యం రాయమంటే ఒక కుర్రాడు బోర్డు ముందు చాలాసేపు ఆలోచిస్తాడు. ఈలోగా కాలనీ గేటు మూసుకుంటుంది. అప్పుడు రాస్తాడు, సినిమా పేరు అక్కడినుంచే వచ్చింది.

1963లో జర్మనీలోని ఓబర్‌హౌసెన్ ఉత్సవంలో ఉత్తమ డాక్యుమెంటరీ బహుమతి ఈ సినిమాకు దక్కింది. ఇరాన్‌లో అందరూ మెచ్చుకోలేదు. రోగుల బాధను తన కవిత్వానికి వాడుకుందన్నవాళ్లున్నారు. ఆ మాటను ఊరికే తోసిపారేయలేం, ఎవరి బాధనైనా కెమెరాలో పట్టేవాళ్లకు ఈ ప్రశ్న తప్పదు.

అయితే ఫురూగ్ 12 రోజుల తర్వాత డబ్బాలు సర్దుకుని ఊరికే వెళ్లిపోలేదు. కాలనీలో హుస్సేన్ మన్సూరీ అనే చిన్న పిల్లాడున్నాడు, తల్లిదండ్రులిద్దరూ రోగులే. వాళ్లు ఒప్పుకున్నాక వాణ్ని దత్తత తీసుకుని టెహ్రాన్ తీసుకెళ్లింది. సొంత కొడుకును చట్టం దూరం చేసిన ఆమెకు అలా ఇంకో కొడుకు దొరికాడు. ఒకరి లోటు ఇంకొకరితో తీరుతుందా అంటే తీరదు. ఆ పిల్లాడికి మాత్రం గేటు తెరుచుకుంది.

1964లో వచ్చిన ‘తవల్లుదీ దీగర్’తో ఆమెను గొప్ప కవయిత్రిగా అంతా ఒప్పుకున్నారు. 1967 ఫిబ్రవరి 13న టెహ్రాన్‌లో జీపు నడుపుకుంటూ వెళ్తూ, ఎదురొచ్చిన బండిని తప్పించబోయి ప్రమాదంలో చనిపోయింది. వయసు 32. జహీరుద్దౌలా కబ్రస్తాన్‌లో దఫన్ చేశారు. హుస్సేన్ తర్వాత జర్మనీ వెళ్లి, అక్కడే ఉండి అనువాదకుడయ్యాడు. ఆమె పోయేనాటికి కామ్యార్‌కు 14 ఏళ్లు, బడికి వెళ్లే వయసే.