ఆకాశవాణికి శ్రుతి కూర్చిన కేస్కరు

స్వాతంత్ర్యము వచ్చిన పిదప సంస్థానములు దేశమున విలీనమయ్యెను. వానితోపాటు సంగీత విద్వాంసుల ఆశ్రయములును అంతరించెను. రాజులు విడిచిన ఆ బాధ్యతను రేడియో వహింపవలెనని తలచి, పదేండ్లు పట్టుదలతో పాటుపడినవాడు డాక్టరు బాలకృష్ణ విశ్వనాథ కేస్కరు.

ఆయన 1903లో పుణెలో జన్మించెను. కాశీ విద్యాపీఠమునను, పారిసునందును చదివి డాక్టరు పట్టము బడసెను. గానమును స్వయముగా అభ్యసించినవాడు. 1952లో నెహ్రూ మంత్రివర్గమున సమాచార ప్రసారశాఖను చేపట్టి, 1962 వరకు నిర్వహించెను.

భాషలు వేరైనను నాదము దేశము నొక్కటి చేయునని ఆయన విశ్వాసము. 1952 జూలైలో సంగీతపు జాతీయ కార్యక్రమము ఆరంభమయ్యెను. కర్ణాటక గానము ఉత్తరాదికిని, హిందూస్థానీ గానము దక్షిణాదికిని ఒక్క తరంగము మీద చేరెను. ఆ యేడే వాద్యబృందము వెలసినది. రవిశంకరు, టి.కె. జయరామయ్యరులు దానిని తీర్చిరి. తరువాతి కాలమున మన వైణికుడు ఈమని శంకరశాస్త్రియు దానిని నడపెను. 1954లో రేడియో సంగీత సమ్మేళనము మొదలయ్యెను.

అయితే వడ్డించుట వేరు, తినిపించుట వేరు. సినిమా పాట అభిరుచిని చెరచునని తలచి, కేస్కరు దానికి రేడియోలో చోటు కుదించెను. చిత్రము పేరు చెప్పరాదన్న నియమముపై నిర్మాతలతో తగవు వచ్చి, పాటలు దాదాపు మూగవోయెను. శ్రోతలు మాత్రము మూగవోలేదు. సిలోను రేడియో వైపు ముల్లు త్రిప్పిరి. 1952 చివర అచట మొదలైన బినాకా గీతమాల ఇంటింటి అతిథి యయ్యెను. తుదకు 1957 అక్టోబరు 3న ఆకాశవాణియే వివిధభారతిని ప్రారంభించి, సినిమా పాటకు తలుపు తెరచెను. ఆ తలుపు కేస్కరు మంత్రిగా నుండగనే తెరువబడుట గమనింపదగినది.

ఆయనయందు మరియొక లోపము కలదు. సంగీతము క్షీణించుటకు ముస్లిం పాలనమును ఒక కారణముగా జూపిన ఆయన చరిత్రదృష్టి, ఆ విద్యను తరతరములుగా కాపాడిన ఉస్తాదుల ఋణమును గుర్తింపలేదు. కళాకారుల స్థాయిని నిర్ణయించు పరీక్షలు పెద్దవిద్వాంసులు పలువురిని నొప్పించెను. సంప్రదాయమును కాపాడ నెంచినవాడు, సంప్రదాయ మెవరి సొత్తో తానే నిర్ణయింప జూచెను.

అయినను ఫలితము స్వల్పము కాదు. పూర్వము కొలువుకూటములకును సభలకును పరిమితమైన కచ్చేరి, టిక్కెట్టు కొనలేని గుమాస్తా యింటికిని, పంచాయతీ రేడియో చుట్టు మూగిన రైతుల చెవికిని చేరినది. విద్వాంసునకు నెలజీతము దొరకినది. కేస్కరు 1984లో దివంగతుడయ్యెను. జాతికి శ్రుతి చూపవచ్చును గాని, పాట నెన్నుకొను హక్కు జాతిదేయని ఆయన పదవీకాలము నేర్పిన పాఠము. ఆ పాఠమును శ్రోతలు రేడియో ముల్లుతోనే ఆయనకు బోధించిరి.