నీళ్ళు పడని నుయ్యి – నేల లోతు చదివిన మిడెన్‌డార్ఫ్

మహనీయుల జీవితం రాయమంటే మనకి వెంటనే గాంధీగారో, అల్లూరి సీతారామరాజో, సి.వి. రామన్‌ గారో గుర్తుకు రావడం సహజం. ఈ సంచికకి నేను ఎన్నుకున్న పేరు చెప్పేసరికి సంపాదక మిత్రులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అలెగ్జాండర్ ఫాన్ మిడెన్‌డార్ఫ్. సైబీరియా గురించీ, ఉత్తర ధ్రువ ప్రాంతాల గురించీ చదివేవాళ్ళందరికీ బాగా తెలిసిన పేరు ఇది. ఆయన పోయి నూటముప్పై ఏళ్ళు దాటింది. మన వైపు ఆయన్ని ఎరిగినవాళ్ళు తక్కువ. అయినా ఆయన గురించే ఎందుకు రాస్తున్నానో చెప్పాలంటే ముందు మా నూతి సంగతి చెప్పాలి.

మాది దేవరాపల్లి. 2022 దాకా విశాఖ జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. రైవాడ జలాశయం మా మండలంలోనే ఉంది. శారదా నది మా పక్కనుంచే పారుతుంది. అయినా కాలవ నీరు ఎక్కని మెరక గరువులు మావైపు చాలా ఉన్నాయి. మా ఎకరంన్నర అలాంటిదే. నేను ఇంటర్‌ మొదటి ఏడు చదువుతుండగా మా నాన్న అందులో నుయ్యి తవ్వించేడు. ముప్పై అడుగుల దాకా ఎర్రమట్టి, కంకర. ఆ కింద బండ తగిలింది. బండలో ఇంకో ఎనిమిది అడుగులు కొట్టించేక చేతిలో డబ్బు అయిపోయింది. నీళ్ళు పడలేదు గాని అప్పు పడింది. ఆ తరవాత మా ఇంట్లో ఆ నూతి మాట ఎవరూ ఎత్తలేదు. మా నాన్న పొలానికి వెళ్తే అటు గట్టు మీంచి కాకుండా చుట్టు తిరిగి వెళ్ళేవాడు. నేను కూడా హాస్టల్లో ఎవరికీ ఆ సంగతి చెప్పలేదు. చదువు సగంలో మానేసి ఏదైనా పనిలో చేరిపోదామా అనిపించిన రోజులున్నాయి.

కిందటేడు మా క్లాసులో సెమినార్లకి చీటీలు తీస్తే నాకు ధ్రువ ప్రాంతాల్లో గడ్డకట్టిన నేలలు అన్న విషయం వచ్చింది. అందరూ నవ్వేరు. నేనూ నవ్వేను. మాకు ఐసంటే ఐస్‌ఫ్రూట్ బండి, చేపల పెట్టెలు. మహా అయితే చలికాలంలో లంబసింగి గడ్డి మీద పేరుకునే మంచు. కాని లైబ్రరీలో కూర్చుని పుస్తకాలు తిరగేస్తుంటే ఒకచోట సైబీరియాలో ఒక ఉద్యోగి నుయ్యి తవ్వించేడని, ఎంత తవ్వినా నీళ్ళు పడలేదని కనిపించింది. ఆ పేజీ రెండుసార్లు చదివేను. ఆ నూతిలోకి దిగి కొలతలు తీసిన మనిషే మిడెన్‌డార్ఫ్.

ఆయన 1815లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టేరు. తండ్రి జర్మన్ వంశీకుడు, చదువుకున్న ఉన్నత కుటుంబం. తల్లి సోఫియా ఎస్టోనియా రైతు బిడ్డ. ఇద్దరి అంతస్తులూ వేరు కావడంతో పిల్లలు పుట్టిన చాలా ఏళ్ళకి, 1824లో గాని వాళ్ళ పెళ్ళి జరగలేదు. ఈలోగా ఆ తల్లి లోకుల నోళ్ళకి వెరచి కొడుకుని తీసుకుని ఎస్టోనియా పల్లెకి వెళ్ళిపోయింది. అలా అడవులు, బురద నేలలు, పశువుల మధ్య పెరిగేరు మిడెన్‌డార్ఫ్. తరవాతి కాలంలో ఎన్నో వందల మైళ్ళు నడవడానికి కాళ్ళూ, ఆకలికి ఓర్చుకునే పొట్టా ఆయనకి అక్కడే తయారయ్యేయని నేననుకుంటాను.

ఇప్పుడు తార్తు అని పిలిచే దోర్పాట్ నగరంలోని విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1837లో పట్టా పుచ్చుకున్నారు. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఇంకొంత చదివేరు. మనసు మాత్రం జంతుశాస్త్రం మీదే. 1839లో కీవ్‌లో అధ్యాపకుడయ్యేరు. ఆయన్ని చేరదీసిన పెద్దమనిషి కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేర్. క్షీరదాల అండాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్త ఈయనే. 1840లో బేర్ తన వెంట ఈ కుర్రవాణ్ణి నోవాయా జెమ్ల్యా దీవులకి బయల్దేరదీసేరు. తుపాను గాలులవల్ల దీవులు చేరలేకపోయేరు. ఇంకొకరైతే ఇంటికి తిరిగి వచ్చేసేవారే. మిడెన్‌డార్ఫ్ కోలా ద్వీపకల్పాన్ని కాలినడకన దాటి దారిపొడుగునా చూసిందంతా రాసుకొచ్చేరు. బేర్ కంటికి ఆయన ఆనింది అప్పుడే.

ఆ రోజుల్లో శాస్త్రజ్ఞుల మధ్య ఒక తగువు నడుస్తుండేది. సైబీరియాలో నేల ఎండాకాలంలో కూడా లోపల గడ్డకట్టే ఉంటుందని ప్రయాణికులు వందేళ్ళుగా చెబుతున్నారు. యూరపు పండితులు కొందరు నమ్మలేదు. లియోపోల్డ్ ఫాన్ బుఖ్ అంతటి భూగర్భ శాస్త్రజ్ఞుడే నమ్మలేదు. పైన గడ్డి మొలిచి, చెట్లు పెరిగేచోట కింద ఐసెలా ఉంటుందని ఆయన అనుమానం. ఎవరి వాదన వారిదే గాని కొలిచినవాళ్ళు లేరు.

ఇంతలో లేనా నది ఒడ్డున యాకుట్స్క్ పట్నంలో, రష్యన్-అమెరికన్ కంపెనీ వ్యవహారాలు చూసే ఫ్యోదోర్ షేర్గిన్ అనే ఆయన తాగునీటికోసం నుయ్యి మొదలెట్టేడు. అది 1828 ప్రాంతం. ఎంత తవ్వినా రాయిలా బిగుసుకున్న మట్టే. ఆపేద్దామనుకుంటుండగా ఆ దారిన వచ్చిన నౌకాధికారి వ్రాంగెల్ నీళ్ళకోసం కాకపోయినా శాస్త్రం కోసం తవ్వమని ప్రోత్సహించేడు. 1837 దాకా తవ్వేరు. 116 మీటర్లు. అంటే 380 అడుగుల పైమాట. మా నుయ్యి లాంటివి పది ఒకదానికింద ఒకటి పెట్టినట్టన్నమాట. అప్పటికీ గడ్డ నేల అడుగు తగల్లేదు. చుక్క నీరు లేదు.

ఈ నూతిని సరిగ్గా కొలవాలని, తైమీర్ ద్వీపకల్పంలో జీవరాశి ఎలా ఉందో చూడాలని రష్యా శాస్త్ర అకాడమీ ఒక యాత్ర తలపెట్టింది. బేర్ సిఫార్సుతో నాయకత్వం మిడెన్‌డార్ఫ్‌కి దక్కింది. 1842 నవంబరులో నలుగురైదుగురు మనుషులతో బయల్దేరేరు. అప్పటికి ఆయన వయసు 27.

1843 వేసవిలో తైమీర్ చేరి, టుండ్రా అని పేరు పెట్టిన సొంత పడవలో నది వెంట ఆగస్టులో ఉత్తర సముద్రం దాకా వెళ్ళేరు. తిరుగుదారిలో కష్టాలు మొదలయ్యేయి. తైమీర్ సరస్సులో పడవ పాడయింది. తిండి అయిపోయింది. చలి ముంచుకొచ్చింది. నాయకుడు జబ్బుపడి నడవలేకపోయేరు. అందరూ అక్కడే ఉంటే అందరూ చస్తారని తేల్చుకుని, ఉన్న కాస్త తిండీ పంచి, తోటివాళ్ళని సమోయెడ్ జాతి వారిని వెతకమని పంపించేసి తానొక్కడే మంచులో ఉండిపోయేరు. పద్దెనిమిది రోజులు! మంచు గుట్టలో ఒదిగి పడుకున్నారు. జంతువుల నమూనాలు నిలవ ఉంచిన స్పిరిట్‌ని నీళ్ళలో కలుపుకు తాగేరు. చివరికి తోయ్‌చుమ్ అనే సమోయెడ్ పెద్ద వెతుక్కుంటూ వచ్చి ప్రాణం నిలబెట్టేడు. పుస్తకాల్లో యాత్రికుడి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. తోయ్‌చుమ్ లేకపోతే ఆ పేరే లేదు. ఇది మనం మరచిపోకూడదు.

అంత చావు తప్పించుకున్న మనిషి 1844లో మళ్ళీ యాకుట్స్క్‌కి చేరి షేర్గిన్ నూతిలోకి దిగేరు. నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే. నూతిలో థర్మామీటరు వేలాడదీస్తే అది చెప్పేది గాలి వేడి. నేల వేడి కాదు. పైనించి చల్లగాలి దిగి గోడల్ని చల్లబరుస్తుంది కూడా. అందుకని ఆయన వేరువేరు లోతుల్లో గోడల్లోకి అడ్డంగా కన్నాలు తొలిపించి, వాటిలో థర్మామీటర్లు పెట్టి కొలిచేరు. ఆయన వెళ్ళిపోయేక కూడా 1846 దాకా ఆ కొలతలు సాగేయి.

ఫలితం ఏమిటి? పై భాగంలో సున్నాకి పది డిగ్రీల దిగువకి అటూఇటూ ఉన్న నేల, లోతుకి వెళ్ళేకొద్దీ మెల్లగా వెచ్చబడి, అడుగున సున్నాకి సుమారు మూడు డిగ్రీల దిగువకి వచ్చింది. భూమి లోపలి వేడి పైకి వస్తుంటుంది. పైనున్న చలి కిందికి దిగుతుంటుంది. ఆ రెండూ సరితూగిన చోట గడ్డ నేల అంతమవుతుంది. ఆ లెక్క ప్రకారం యాకుట్స్క్ కింద గడ్డ నేల మందం సుమారు 200 మీటర్లుండాలని ఆయన అంచనా కట్టేరు. వాదన అక్కడితో ముగిసింది. తరవాతి కాలంలో లోతుగా బోర్లు వేసి చూస్తే ఆ అంచనా పెద్దగా తప్పలేదని తేలింది. నీళ్ళకి పనికిరాని నుయ్యి ప్రపంచానికి పాఠం చెప్పింది.

అక్కణ్ణించి ఒఖోట్‌స్క్ సముద్రం, షాంతార్ దీవులు, ఆమూర్ నదీ ప్రాంతం తిరిగి 1845లో ఇల్లు చేరేరు. 1846లో లండన్ రాయల్ జాగ్రఫికల్ సొసైటీ పతకమిచ్చి గౌరవించింది. యాత్ర గ్రంథం సంపుటాలుగా 1848 నుంచి 1875 దాకా వెలువడుతూనే ఉంది. మూడేళ్ళు తిరిగినదాన్ని రాయడానికి ముప్పై ఏళ్ళు పట్టిందన్నమాట. రికార్డు పుస్తకం ఒక్క రాత్రిలో పూర్తిచేసే మనం ఇది గమనించాలి. అకాడమీలో సభ్యులై, 1855 నుంచి 1857 దాకా శాశ్వత కార్యదర్శిగా పనిచేసేరు.

ఆరోగ్యం దెబ్బతినడంతో 1860 ప్రాంతంలో రాజధాని వదిలి ఎస్టోనియాలో హెల్లెనుర్మె అనే తమ పల్లెకి వచ్చేసేరు. అక్కడ సేద్యం, పాడి, గుర్రాల పెంపకం ఆయన పని. మంచి జాతి పశువుల్ని వృద్ధి చెయ్యడానికి పాటుపడ్డారు. మధ్యలో బరాబా మైదానాల్నీ, 1878లో మధ్య ఆసియాలోని ఫెర్గానా లోయనీ చూసి అక్కడి నేల, నీరు, పంటల మీద రాసేరు. రైతు బిడ్డకి పుట్టిన మనిషి అకాడమీ దాకా వెళ్ళి, తిరిగి పొలానికే వచ్చి 1894లో అక్కడే కన్నుమూసేరు. అలాస్కాలోని కోడియాక్ ఎలుగుబంటికి శాస్త్రీయ నామంలో ఆయన పేరుంది.

ఆయన మొదలెట్టిన పని ఇవాళ పెద్ద శాస్త్రమైంది. వరసగా రెండేళ్ళయినా సున్నా డిగ్రీలకి మించని నేలని పెర్మాఫ్రాస్ట్ అంటారు. ఈ మాటని 1943లో సీమన్ ముల్లర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు వాడుకలోకి తెచ్చేడు. ఎండాకాలంలో పై పొర మాత్రం కరుగుతుంది. గడ్డీ గాదం, చెట్ల వేళ్ళు బతికేది ఆ పొరలోనే. బుఖ్ గారి అనుమానానికి జవాబు అదే. అలాస్కా నుంచి అంటార్కిటికా దాకా ఇప్పుడు బోర్లు వేసి, లోతులోతుకీ ఉష్ణమాపకాలు పెట్టి ఏడాది పొడుగునా చూస్తున్నారు. 2007కీ 2016కీ మధ్య గడ్డ నేలలు ప్రపంచం మొత్తం మీద సగటున 0.3 డిగ్రీల దాకా వేడెక్కేయని తేలింది. ఇది చిన్న అంకెలా కనిపిస్తుంది. కాని ఉత్తర ప్రాంతాల గడ్డ నేలల్లో కుళ్ళకుండా నిలిచిపోయిన మొక్కల, జంతువుల కర్బనం సుమారు లక్షన్నర కోట్ల టన్నులుంది. గాలిలో ఉన్నదానికి ఇది దాదాపు రెట్టింపు. నేల కరిగితే ఆ పదార్థం కుళ్ళి బొగ్గుపులుసు వాయువు, మీథేన్ గాలిలో కలుస్తాయి. గాలి ఇంకా వేడెక్కుతుంది. ఆ గాలికి తైమీరూ దేవరాపల్లీ అన్న తేడా లేదు. నేల ఎంత మారిందో తెలియాలంటే మునుపు ఎంతుండేదో ఎవరో ఒకరు కొలిచి ఉండాలి కదా. 1844లో ఒకాయన కొలిచేరు.

ఈ వేసవి సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు ఒక థర్మామీటరు కొని పట్టుకెళ్ళేను. పైకి లాగేలోపల అంకె మారిపోకుండా దాన్ని నీళ్ళు నింపిన సీసాలో పెట్టి, కొబ్బరితాడు కట్టి మా ఎండు నూతిలోకి దింపేను. తెల్లవారుజామున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి తీసి చూసేను. మధ్యాహ్నం గట్టు మీద 40 డిగ్రీలు. అడుగున రెండు పూటలా 28. గోడకి కన్నం తొలవలేదు కాబట్టి ఇది మిడెన్‌డార్ఫ్ కొలత లాంటిది కాదని నాకు తెలుసు. అయినా నోటుబుక్కులో తేదీ వేసి రాసుకున్నాను.

మూడో రోజు తల పైకెత్తేసరికి గట్టు మీద మా నాన్న నిలబడి ఉన్నాడు. ఆ గట్టెక్కి ఎన్నాళ్ళయిందో. ఏం చేస్తున్నావని అడగలేదు. కాసేపు చూసి, ఎంతొచ్చిందని అడిగేడు. చెప్పేను. తాడు పాతబడింది, తెగితే సీసా పోతుందని ఇంటికెళ్ళి కొత్త తాడు తెచ్చేడు. ఆ నాలుగో కొలత ఇద్దరం కలిసి తీసేం.

మిత్రులారా! మన ఊళ్ళలో నీళ్ళు పడని నూతులు, ఫలించని ప్రయత్నాలు ఎన్నో ఉంటాయి. వాటిని చూసి తలదించుకోకుండా ఒక్కసారి లోపలికి తొంగిచూడమని, చూసింది తేదీతో సహా రాసిపెట్టమని ఆయన జీవితం నాకు నేర్పింది. చదువు మానెయ్యాలన్న ఆలోచన నేను మానేసేను. సంక్రాంతి సెలవులకి మళ్ళీ కొలవాలి. ఈసారి గోడకి కన్నం తొలుస్తామని మా నాన్నే అన్నాడు.